జర్మన్ సైన్యం, గుర్రాలు: అసలు చిక్కు వేగం కాదు, మేత

ప్రశ్న క్లుప్తంగా ఇది: రెండో ప్రపంచ యుద్ధం నాటి జర్మన్ సైన్యం అంటే ట్యాంకులు, మోటార్ సైకిళ్లు అనుకుంటాం. మరి రష్యా రంగం ఫోటోల్లో ఎక్కడ చూసినా గుర్రపు బళ్లే ఎందుకు? వాళ్ల దగ్గర ట్రక్కులు లేవా? ఓడిపోవడానికి ఇదే కారణమా? ఈ రోజుల్లో ఏ సైన్యమైనా జంతువుల మీద సరుకు మోస్తోందా?

నేను మన సైన్యంలో పశువైద్యుడిగా చేసి రిటైరయ్యాను. గుర్రాలు, కంచరగాడిదలే నా ఉద్యోగం. యుద్ధచరిత్ర పిచ్చి ఆ తరవాత పట్టుకుంది. అందుకని ఈ జవాబులో వ్యూహాల కన్నా దాణా, డెక్కలు, పుండ్ల గోల ఎక్కువగా ఉంటుంది. ఏమీ అనుకోకండి.

ముందు లెక్కలు చూద్దాం. యుద్ధం మొత్తం మీద జర్మన్ సైన్యం వాడిన గుర్రాలు, కంచరగాడిదలు కలిపి సుమారు 27 లక్షలు. మొదటి ప్రపంచ యుద్ధంలో వాడినవి 14 లక్షల దాకా. ట్యాంకుల కాలం వచ్చాక గుర్రాల వాడకం తగ్గాల్సింది పోయి దాదాపు రెట్టింపైంది. 1941 జూన్ 22న సోవియట్ యూనియన్ మీద దాడికి దిగినప్పుడు 30 లక్షల పైచిలుకు సైనికులు, 3,500 దాకా ట్యాంకులు, 6 లక్షల దాకా మోటారు వాహనాలు కదిలాయి. వాటితోపాటు 6 నుంచి 7 లక్షల గుర్రాలు కూడా సరిహద్దు దాటాయి. యుద్ధం మొదట్లో పూర్తి బలంతో ఉన్న ఒక పదాతి డివిజన్‌ని తీసుకుంటే అందులో దాదాపు 17 వేల మంది మనుషులు, 5 వేల గుర్రాలు. ముగ్గురు నలుగురు సైనికులకు ఒక గుర్రం పడుతుంది.

పోనీ తరవాతైనా మారిందా అంటే, అదీ లేదు. 1944 నవంబరులో జర్మనీకి ఉన్న 264 డివిజన్లలో పాంజర్ (అంటే ట్యాంకుల) డివిజన్లు, మోటారు డివిజన్లు కలిపి 42 మాత్రమే. మిగతావన్నీ కాలినడక, గుర్రపు బళ్లు, చివర్లో సైకిళ్లు. మన కళ్లలో ట్యాంకులే మిగిలిపోవడానికి కారణం వాళ్ల ప్రచార విభాగం. వార్తాచిత్రాలు తీసేవాళ్లు కెమెరాను పాంజర్ల వైపు తిప్పారు. వాటి వెనక వందల కిలోమీటర్ల పొడవునా దుమ్ములో సాగుతున్న బళ్ల వరసను చూపించి ఎవరిని భయపెట్టగలరు?

ట్రక్కులు ఎందుకు లేవు అన్నదానికి చాలామంది చెప్పే జవాబు "వెనకబడ్డ సైన్యం" అని. నాకది సరిపోదనిపిస్తుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఓడాక కుదిరిన వెర్సాయ్ ఒప్పందం ప్రకారం జర్మన్ సైన్యం లక్ష మందికి మించకూడదు, ట్యాంకులు ఉండకూడదు. ఉన్న పది డివిజన్లలో ఏడు పదాతివి, మూడు అశ్వికదళాలవి. 1935లో నిర్బంధ సైనిక శిక్షణ మళ్లీ మొదలుపెట్టి నాలుగేళ్లలో దాన్ని లక్షలకు లక్షలు పెంచారు. మనుషుల్ని పిలవడానికి ఉత్తరం చాలు. ట్రక్కు కావాలంటే ఫ్యాక్టరీ, ఉక్కు, రబ్బరు, పెట్రోలు, డ్రైవరు, మెకానిక్కు, స్పేర్ పార్టు ఇన్ని కావాలి. ఉక్కు కోసం నౌకాదళం, విమానదళం, ఆయుధాల కర్మాగారాలు అప్పటికే కొట్టుకుంటున్నాయి. సహజ రబ్బరు దేశంలో దొరకదు. పెట్రోలుకు రుమేనియా బావుల్ని, బొగ్గు నుంచి తీసే కృత్రిమ ఇంధనాన్ని నమ్ముకోవాలి.

పైగా జర్మనీలో మోటారు వాహనాలే తక్కువ. 1930 నాటికే అమెరికాలో దాదాపు ఐదుగురికి ఒక వాహనం ఉంది. బండి తోలడం, విప్పడం, బిగించడం వచ్చిన కుర్రాళ్లు అక్కడ ఊరూరా దొరుకుతారు. జర్మనీలో అంతమంది ఎక్కడ? ఉన్న ట్రక్కుల్లో కూడా ఒకదానికీ ఇంకోదానికీ పొంతన లేదు. యుద్ధానికి ముందు ఆ దేశంలో 114 రకాల ట్రక్కులు తయారయ్యేవి. షెల్ అనే కల్నల్‌ను పెట్టి వాటిని 19 రకాలకు కుదించాలని చూశారు. అది పూర్తిగా అమలయ్యేలోపే యుద్ధం వచ్చింది, ఆ తరవాత ఫ్రాన్సులోనూ మరోచోటా పట్టుకున్న ట్రక్కులు వచ్చి కలిశాయి. రష్యా మట్టిరోడ్డు మీద ఒక ఫ్రెంచ్ ట్రక్కు గేర్‌బాక్స్ పోతే దాన్ని పక్కకు తోసేసి ముందుకు పోవడమే.

గుర్రం సంగతి వేరు. అది పల్లెల్లో సిద్ధంగా ఉంది. దాన్ని చూసుకోవడం తెలిసిన రైతుబిడ్డ కూడా సిద్ధంగా ఉన్నాడు. యుద్ధం ప్రకటించగానే ఇద్దరినీ కలిపి పట్టుకుపోయారు. ఆ తరవాత పోలండ్, హాలండ్, బెల్జియం, ఫ్రాన్సుల నుంచి లాక్కొచ్చారు. ఉన్న కాసిని మోటార్లన్నీ కొద్ది డివిజన్లకు పోగేసి, మిగతా సైన్యాన్ని గుర్రాలకు వదిలేశారు. ఆ పరిస్థితుల్లో అది తెలివైన నిర్ణయమే. 1940 మేలో ఫ్రాన్సును పడగొట్టింది పది పాంజర్ డివిజన్లు ముందుండి నడిపిన సైన్యమే కదా.

ఇక్కడ ఒక అపోహ గురించి చెప్పి ముందుకు పోతాను. గుర్రాలు అనగానే పోలండ్ రౌతులు కత్తులు దూసి ట్యాంకుల మీదకు ఉరికారన్న కథ ఎవరో ఒకరు ఎత్తుతారు. 1939 సెప్టెంబరు 1న క్రోయాంటీ దగ్గర పోలిష్ అశ్వికదళం దాడి చేసింది జర్మన్ పదాతి దళం మీద. ఆ దెబ్బకు వాళ్లు చెదిరారు కూడా. తరవాత సాయుధ కార్లు వచ్చి మెషిన్ గన్లతో కాల్చాయి. మర్నాడు ఇటాలియన్ విలేకరుల్ని తీసుకెళ్లి చచ్చిపడ్డ గుర్రాలను చూపిస్తే వాళ్లు కథ అల్లేశారు. అసలు తమాషా ఏంటంటే, ఆ కథ చెప్పుకుని నవ్వుకున్న జర్మన్ సైన్యం దగ్గరే పోలండ్ సైన్యానికి మించిన గుర్రాలున్నాయి.

ఈ గుర్రాల్లో స్వారీకి వాడినవి తక్కువ. ఎక్కువ భాగం బరువు లాగేవే: ఫిరంగులు, మందుగుండు బళ్లు, వంట బండి, మెడికల్ బండి, ఆఫీసు కాగితాల పెట్టెలు. ఒక డివిజన్ ఫిరంగి దళంలో మామూలుగా కనిపించేది 105 మిల్లీమీటర్ల తేలికపాటి హోవిట్జర్. "తేలిక" అన్నది పేరుకే, అది 2 టన్నుల బరువు. దాని ముందు తగిలించే రెండు చక్రాల బండితో కలిపితే మూడు టన్నులు దాటుతుంది. లాగడానికి ఆరు గుర్రాలు, జంటలుగా. ప్రతి జంటలో ఎడమ గుర్రం మీద ఒక తోలరి కూర్చుంటాడు, కుడి గుర్రాన్ని పక్కన పట్టుకుని నడిపిస్తాడు. ముందు జంట దారి చూస్తుంది, మధ్య జంట బరువు పంచుకుంటుంది. బండికి ఆనుకుని ఉండే వెనక జంట మీదే అసలు భారం. మలుపులో బండిని తిప్పేది అవే, పల్లంలో వెనక నుంచి తోసుకొచ్చే టన్నుల బరువును కాళ్లు తన్నిపెట్టి ఆపాల్సిందీ అవే. అందుకే అక్కడ దిట్టమైన గుర్రాల్ని కడతారు, అందుకే ముందు అరిగిపోయేవీ అవే. ఇక 150 మిల్లీమీటర్ల హోవిట్జర్ అయిదున్నర టన్నులు. దాన్ని గుర్రాలతో తీసుకెళ్లాలంటే గొట్టాన్ని ఒక బండి మీద, మిగతా భాగాన్ని ఇంకో దాని మీద పెట్టి రెండు జట్లు కట్టాల్సిందే. చోటు చేరాక మళ్లీ బిగించాలి. శత్రువు దగ్గరికొచ్చేస్తున్నప్పుడు ఇదంతా విప్పి రెండు జట్లకు కట్టి బయటపడటం ఎంత టెన్షన్ పనో ఊహించుకోండి.

ఒక గుర్రం కూలితే ఆరింటి జట్టు అయిదు కాదు, నాలుగవుతుంది, ఎందుకంటే జంటగానే లాగాలి. నాలుగింటికి ఆ బరువు లాగడం అంటే అవి కూడా కూలడానికి దారి చూపించడమే.

ఇక అసలు విషయానికొస్తాను. గుర్రాలు నెమ్మది, ట్యాంకులు వేగం, అందుకే దెబ్బతిన్నారు అని సులువుగా తేల్చేస్తారు. గుర్రపు సైన్యం రోజుకు 25, 30 కిలోమీటర్లు నడుస్తుంది, అదే పదాతి సైనికుడి నడక. సైనికుడు ఎలాగూ నడిచేవాడే కాబట్టి అతనితో గుర్రం సమానంగా నడిస్తే వేగంలో కొత్తగా పోయిందేమీ లేదు. చిక్కంతా మేతలో ఉంది.

పనిచేసే గుర్రానికి రోజుకు పది కిలోల దాకా తిండి కావాలి, దాణా, ఎండుగడ్డి కలిపి. మన దగ్గర గుర్రానికి ఉలవలు పెడతాం, అక్కడ ఓట్స్. అలా లెక్కేస్తే ఒక పదాతి డివిజన్‌కు రోజుకు 53 టన్నుల ఓట్స్, గడ్డి కావాల్సి వచ్చేది. ఆ డివిజన్‌లోని మొత్తం మనుషుల తిండి బరువు కూడా దాదాపు అంతే. ఇంధనం మాత్రం 20 టన్నుల దగ్గరే. గడ్డితో ఉన్న ఇంకో తంటా, అది బరువు కన్నా చోటు ఎక్కువ తింటుంది. ఒక రైలు పెట్టె నిండా గుండ్లు పంపడానికీ గడ్డి పంపడానికీ ఎంత తేడా ఉంటుందో మీరే చూడండి. నీళ్లు ఇంకో పద్దు. ఒక్కోదానికి రోజుకు 30 నుంచి 40 లీటర్లు, ఎండలో పనిచేస్తే ఇంకా ఎక్కువ. 5 వేల గుర్రాలంటే రోజుకు కనీసం లక్షన్నర లీటర్లు. ఒక పల్లెలో బావులన్నీ తోడినా చాలవు.

ట్రక్కును నెలరోజులు షెడ్డులో పెడితే చుక్క పెట్రోలు తాగదు. గుర్రం కట్టేసి ఉన్నా తింటుంది, తాగుతుంది, జబ్బు పడుతుంది. దాని పొట్ట కూడా ఆ ఒంటికి చాలా చిన్నది. అంతా ఒకేసారి పెట్టేస్తే కుదరదు, కొంచెం కొంచెంగా రోజంతా పెట్టాలి. తిన్నది వాంతి చేసుకోలేదు కాబట్టి కడుపులో తేడా వస్తే శూల పట్టి గిలగిలా కొట్టుకుంటుంది, కొన్ని గంటల్లో ప్రాణం పోవచ్చు. ఆకలి మీదున్న గుర్రాన్ని పచ్చి ధాన్యం చేలో వదిలితే మర్నాడు పొద్దున ఎన్ని లేస్తాయో చెప్పలేం. ఇక డెక్కలు. ఐదారు వారాలకు ఒకసారి నాడాలు ఊడదీసి, పెరిగిన డెక్క కోసి, మళ్లీ కొట్టాలి. 5 వేల గుర్రాలకు నాలుగు కాళ్ల చొప్పున 20 వేల నాడాలు. వాటికి ఇనుము, మేకులు, కొలిమి, నాడాలు కొట్టేవాళ్లు అన్నీ డివిజన్ వెంటే నడవాలి. ఈ మొత్తం పనికి ఎన్ని చేతులు పట్టి ఉంటాయో పుస్తకాల్లో పెద్దగా కనిపించదు. నాకు మాత్రం ముందు అదే కనిపిస్తుంది: సైనికుడు 30 కిలోమీటర్లు నడిచొచ్చి కూలబడతాడు. తోలరికి మాత్రం అప్పుడే పని మొదలవుతుంది. పట్టీలు విప్పాలి, ఒళ్లు రుద్దాలి, నీళ్లు పెట్టాలి, దాణా సంచి తగిలించాలి, డెక్కల్లో రాళ్లు తీయాలి. తెల్లారకముందే మళ్లీ ఇదంతా.

రోజుకు 53 టన్నులు వెనక నుంచి పంపడం వాళ్ల వల్ల కాలేదు. సోవియట్ రైలు పట్టాల వెడల్పు 1524 మిల్లీమీటర్లు, జర్మనీది 1435. పట్టాలు మార్చుకుంటూ పోవాలి. మార్చినా అక్కడి నీటి స్టేషన్ల మధ్య దూరం సోవియట్ ఇంజన్లకు సరిపడా ఉంది, జర్మన్ ఇంజన్లకు చాలదు. వచ్చే కొన్ని రైళ్లలో ముందు ఎక్కేది మందుగుండు, ఇంధనం. గడ్డి జాబితాలో అట్టడుగున ఉండేది. దాంతో గుర్రాల మేత ఎక్కడికక్కడ ఊళ్ల మీద పడి లాక్కున్నారు. రైతు గడ్డివాము, విత్తనాలకు దాచుకున్న ఓట్స్, చివరికి అరక దున్నే గుర్రం కూడా. ఆ ఊళ్లో వచ్చే ఏడు దున్నడానికి ఏమీ మిగలదు. ఆక్రమిత ప్రాంతాల్లో పడిన ఆకలిలో ఈ పద్దు కూడా ఉంది. "పాపం గుర్రాలు" అని మనం జాలిపడేటప్పుడు దీన్ని మరిచిపోకూడదని నా ఉద్దేశం.

1941 వేసవి సంగతి చూడండి. పాంజర్లు జూలై మధ్యకల్లా స్మోలెన్స్క్ చేరాయి. పదాతి, దాని ఫిరంగులు వందల కిలోమీటర్లు వెనకే ఉన్నాయి. పెళ్లివాళ్లు కార్లలో ముందే వచ్చేసి, వంటసామాను ఎడ్లబండి మీద ఇంకా పొలిమేర దాటనట్టు. చుట్టుముట్టిన సోవియట్ దళాలను మూసి ఉంచడానికి పదాతి కావాలి, అది వచ్చేదాకా పాంజర్లు ఆగాలి, ఈలోపు చుట్టుముట్టినవాళ్లలో చాలామంది సందుల్లోంచి జారుకున్నారు. వేగం తేడా తగిలింది ఇక్కడే, ఒక సైన్యంలోనే రెండు వేగాలున్నాయి కాబట్టి.

దారి పొడవునా గుర్రాలు చిక్కిపోయాయి. దీని గురించి ఒక్క మాట వివరంగా చెప్పాలి, ఎందుకంటే యుద్ధ చరిత్రల్లో ఇది దాదాపు కనిపించదు. బరువు లాగే గుర్రం మెడకు తోలు పట్టెడ వేస్తారు. అది ఆ గుర్రం భుజానికి సరిగ్గా కొలిచి అమర్చాలి, వేలెడు తేడా వచ్చినా ఒరుసుకుంటుంది. తిండి చాలక గుర్రం ఒళ్లు తగ్గితే నిన్న సరిపోయిన పట్టెడ ఇవాళ వదులవుతుంది. వదులైతే కదులుతుంది, కదిలితే చర్మం లేస్తుంది, దుమ్ము, చెమట పట్టి పుండవుతుంది. ఆ పుండు మీద టన్నుల బరువు. మందు ఒక్కటే, పని ఆపి రెండు మూడు వారాలు విశ్రాంతి. యుద్ధం మధ్యలో అదెవరిస్తారు? కింద గుడ్డ మడతపెట్టి మళ్లీ కట్టేస్తారు. మేత కొరత గుర్రాన్ని ఆకలితోనే చంపనక్కర్లేదు, ఇలా మెడ దగ్గరి నుంచి కూడా చంపుతుంది.

జాతుల తేడా కూడా దెబ్బ కొట్టింది. పశ్చిమ యూరప్ నుంచి తెచ్చిన భారీ గుర్రాలు, బెల్జియన్, పెర్షెరాన్ లాంటివి, ఇంటి దగ్గర పొలాల్లో కడుపునిండా దాణా తిని, రాత్రికి పాకలో పడుకునేవి. బలం చాలా ఎక్కువ, తిండి అంతకన్నా ఎక్కువ. సైన్యం బళ్లు కూడా ఆ గుర్రాల లెక్కన చేసిన బరువైనవే. రష్యా ఇసుక దారుల్లో వాటి చక్రాలు దిగబడేవి. స్థానిక రైతుల దగ్గరున్నవి పాన్యె గుర్రాలు: పొట్టిగా, బొచ్చుగా, చూడటానికి ఆనవు. కానీ ఏది దొరికితే అది తిని మంచులో ఆరుబయట నిలబడతాయి. వాటికి కట్టే చెక్కబళ్లు తేలిక, విరిగితే గొడ్డలితో అక్కడికక్కడే బాగు చేసుకోవచ్చు. జర్మన్లకు ఇది ముందే కొంత తెలుసు. దాడికి ముందే అలాంటి 15 వేల బళ్లను పదాతి డివిజన్లకు పంచారు. శీతాకాలం వచ్చేసరికి పాంజర్ డివిజన్లు కూడా వాటిని వెతుక్కునే పరిస్థితి వచ్చింది.

అక్టోబరులో వానలు పడి నేలంతా బురదైంది. ట్రక్కులు ఇరుసుల దాకా దిగిపోయాయి. ఆ వారాల్లో సైన్యం తిండి తిన్నదంటే పాన్యె బళ్ల పుణ్యమే. ఫిరంగి గుర్రాలకు మాత్రం గోరుచుట్టు మీద రోకటిపోటు అయింది. ఆరు లాగాల్సిన చోట పది, పన్నెండు కట్టాల్సి వచ్చింది. పొట్ట దాకా బురదలో దిగి, గుండె ఆగి చచ్చిన గుర్రాలు కోకొల్లలు.

తరవాత చలి, మైనస్ 30 డిగ్రీలు, ఒక్కోచోట ఇంకా కిందకి. గడ్డి అయిపోతే గుడిసెల పైకప్పు పీకి ఆ పాత గడ్డి పెట్టారు. పశువైద్యుడిగా చెబుతున్నాను, దానివల్ల కడుపు నిండుతుందే గాని సత్తువ రాదు. ఎన్నో ఏళ్లు పొగచూరి ఎండిన ఆ పుల్లలు పేగుల్లో గడ్డకట్టి శూల తెప్పిస్తాయి కూడా. మంచులో జారకుండా నాడాలకు బిగించే మొనలు చాలలేదు. వీటికి తోడు గజ్జి. చిక్కిన గుర్రాలు చలికి ఒకదానికొకటి ఆనుకుని నిలబడితే పురుగు ఒకదాన్నుంచి ఒకదానికి ఎక్కుతుంది. దానికి అప్పట్లో ఉన్న మంచి వైద్యం గంధకపు పొగ. గుర్రాన్ని ఒక పెట్టెలాంటి గదిలోకి ఎక్కించి, తల మాత్రం బయట ఉండేలా మెడ చుట్టూ గుడ్డతో బిగించి, లోపల సల్ఫర్ డయాక్సైడ్ నింపుతారు. పద్ధతి బాగా పనిచేస్తుంది, కానీ ఒక్కోసారి ఒక్క గుర్రం. వేలల్లో గజ్జి పట్టినప్పుడు ఎన్ని పెట్టెలు పెట్టగలరు? 1941 డిసెంబరు, 1942 జనవరి ఈ రెండు నెలల్లోనే సుమారు 1,80,000 గుర్రాలు పోయాయి. వాళ్ల పశువైద్య విభాగం చాలా గట్టిది, రంగం వెనక గుర్రాల ఆస్పత్రులు వరసగా నడిపారు. వందల సంఖ్యలో చేర్చుకుని బాగుచేసి పంపేవాళ్లు. బాగైన గుర్రం మళ్లీ అదే మేత లేని చోటికే పోయేది.

గుర్రం లేకపోతే ఏమవుతుందో చూడాలంటే స్టాలిన్‌గ్రాడ్ చూడాలి. 1942 శరదృతువులో నగరం చుట్టుపక్కల మేత లేక ఆరో సైన్యం తన గుర్రాల్లో ఎక్కువ భాగాన్ని చాలా దూరం వెనక్కు పంపేసింది. ఆ క్షణానికి అది సబబైన పనే, లేకపోతే అవి అక్కడే మాడిపోయేవి. నవంబరు 19న సోవియట్ ఎదురుదాడి మొదలై నాలుగైదు రోజుల్లో చుట్టుముట్టేసింది. ఇప్పుడు ఫిరంగులు లోపల, వాటిని లాగే గుర్రాలు బయట. తప్పించుకుని బయటపడదామన్నా భారీ ఆయుధాలన్నీ అక్కడే వదిలేసి పోవాలి. ఆరో సైన్యాధిపతి పౌలస్ కదలకపోవడానికి హిట్లర్ ఆజ్ఞ ఒక్కటే కారణమని చెప్పేవాళ్లు ఈ సంగతి కూడా లెక్కలోకి తీసుకోవాలి. లోపల మిగిలిన గుర్రాలను, చిక్కుకుపోయిన రుమేనియన్ అశ్వికదళం గుర్రాలతో సహా, సైనికులు కోసుకు తిన్నారు. విమానాల్లో మనుషులకే తిండి రాని చోట గడ్డి ఎవరు తెస్తారు?

ఇక ఫ్రాన్సులోని నార్మండీ. 1944 ఆగస్టులో ఫలేజ్ దగ్గర చిక్కుకున్న జర్మన్ బలగాల మీద పైనుంచి విమానాలు, చుట్టూ ఫిరంగులు. బళ్లకు కట్టేసి ఉన్న గుర్రాలు పారిపోలేవు, కందకంలో దాక్కోలేవు. ఆ ఇరుకు దారుల్లో అవి వేల సంఖ్యలో చచ్చాయి, వాటి కళేబరాలే దారి మూసేశాయి.

ఎదుటివాళ్ల సంగతి? బ్రిటన్ 1939లో ఫ్రాన్సుకు పంపిన సైన్యం దాదాపు పూర్తిగా మోటార్లదే. అమెరికా యుద్ధకాలంలో 20 లక్షలకు పైగా ట్రక్కులు తయారుచేసింది. అయినా వాళ్ల బండి కూడా నల్లేరు మీద నడకేం కాదు. 1944లో పారిస్ దాటాక పెట్రోలు అందక ఆగారు. రెడ్ బాల్ ఎక్స్‌ప్రెస్ పేరుతో దాదాపు 6 వేల ట్రక్కులు రాత్రీ పగలూ తోలినా, అవి మోసే పెట్రోల్లో కొంత అవే తాగేవి. సోవియట్ సైన్యం కూడా గుర్రాలను విరివిగా వాడింది. మంగోలియా నుంచి సుమారు 5 లక్షలు వచ్చాయి. తేడా ఏంటంటే వాళ్లవి ఆ చలికి అలవాటైనవి. అదీగాక ఏళ్లు గడిచేకొద్దీ అమెరికా పంపిన సుమారు 4 లక్షల ట్రక్కులు, జీపులు వచ్చి చేరాయి. 1944కి సోవియట్లు మోటార్ల వైపు పోతుంటే జర్మన్లు వెనక్కి గుర్రాల వైపు పోతున్నారు.

కాబట్టి గుర్రాల వల్ల ఓడిపోయారా అంటే, నేను అలా అనను. గుర్రాలు లేకపోతే 1941లో ఆ దండయాత్ర బయలుదేరేదే కాదు. ఓడింది లెక్క తప్పడం వల్ల. కొన్ని వారాల్లో అయిపోతుందనుకున్న యుద్ధానికి వేసవి మేత చాలనుకున్నారు. చలికాలానికి గడ్డి ఎక్కడిదని అడిగిన సరఫరా అధికారుల మాట పైవాళ్ల చెవికెక్కలేదు. ట్రక్కులు ఎక్కువున్నా పెట్రోలు దగ్గర ఇదే కథ జరిగేదని నా అనుమానం.

మన దేశానికి ఇందులో ఒక విచిత్రమైన పాత్ర ఉంది. మోటార్లతో వచ్చిన ఆ బ్రిటిష్ సైన్యానికి ఫ్రాన్సులో బురద, మంచు దారులు ఎదురయ్యేసరికి కంచరగాడిదలు కావాల్సి వచ్చాయి. 1939 డిసెంబరులో భారత సైన్యం నుంచి నాలుగు జంతు రవాణా కంపెనీలు, ఫోర్స్ కే6 పేరుతో, మార్సెయ్ రేవులో దిగాయి. వాళ్లలో ఎక్కువమంది పంజాబీలు. మరుసటి ఏడాది ఫ్రాన్సు పడిపోతున్నప్పుడు డంకర్క్ రేవు నుంచి మనుషులు కొందరు బయటపడ్డారు, జంతువుల్ని వదిలేయక తప్పలేదు. బర్మా అడవుల్లో బ్రిటిష్ సేనాని వింగేట్ నడిపిన చిండిట్ దళాలైతే కంచరగాడిదలు లేకుండా అడుగు వేయలేవు. అడవిలో అరిచి జాడ పట్టించకుండా వాటి స్వరతంతువులు కోసేవాళ్లు. నా వృత్తిలో ఉన్నవాళ్లకు అది చదవడమే కష్టం, కానీ ఆ శస్త్రచికిత్స చేసింది మా వృత్తివాళ్లే. హైదరాబాద్‌కు ఉన్న లింకు అంతకు ముందు యుద్ధంలోది. మొదటి ప్రపంచ యుద్ధంలో నిజాం లాన్సర్లు గుర్రాలతో సహా పశ్చిమాసియాలో పనిచేశారు. ఢిల్లీ తీన్ మూర్తి కూడలిలో ఉన్న మూడు విగ్రహాల్లో ఒకటి హైదరాబాద్ సంస్థానానిది.

చివరి ప్రశ్న, ఇప్పటి మాట. మన సైన్యం ఇప్పటికీ కొండల్లో కంచరగాడిదల్ని వాడుతోంది. రోడ్డు ఆగిపోయే చోటి నుంచి పోస్టు దాకా ఒక్కోటి 70, 80 కిలోలు మోస్తుంది, పొగమంచులో హెలికాప్టర్ ఎగరని రోజున కూడా. 1999 కార్గిల్‌లోనూ అవి పనిచేశాయి. పెడోంగీ అనే కంచరగాడిద 1971లో పాకిస్తాన్ వాళ్ల చేతికి చిక్కి, వీపు మీది బరువుతో సహా తిరిగొచ్చిందని ఆర్మీ సర్వీస్ కోర్‌లో ఇప్పటికీ చెప్పుకుంటారు. రోడ్లు పడుతున్నకొద్దీ, డ్రోన్లు, కొండదారుల వాహనాలు వస్తున్నకొద్దీ వీటి సంఖ్య తగ్గిస్తున్నారు, తగ్గించాలి కూడా. అయితే మన పద్ధతికీ 1941 నాటి జర్మన్ పద్ధతికీ తేడా ఉంది. మనం వాటిని చివరి కొద్ది కిలోమీటర్లకే వాడతాం. వాటి దాణా ట్రక్కులో రోడ్డు చివరిదాకా వస్తుంది.